నీకలా అనిపిస్తోందంతే

నా కటింగ్ టేబుల్ అంచు సరిగ్గా నా తుంటి ఎముకకి తగులుతుంది. మా మరిది, అంటే మా చెల్లెలి మొగుడు, చెక్క పనివాడు. నన్ను పక్కన నిలబెట్టుకుని, నా ఎత్తు చూసుకుని చేసిపెట్టాడు. కాళ్ళు ఊగకుండా కింద ఒక అడ్డకర్ర బిగించాడు. ఆ కర్ర మీద ఎడమ పాదం ఆనించి, నడుము అంచుకి చేర్చి కత్తెర పట్టానంటే ఇక నాకు లోకంతో పనిలేదు. ఏళ్ళ తరబడి పాదం ఆని ఆని ఆ కర్ర మీద ఒకచోట నున్నటి గుంట కూడా పడింది.

షాపులో నేను కోస్తాను, చెల్లి కుడుతుంది. కోట్లు, ప్యాంట్లు, బడి యూనిఫాంలు. వీధిలోవాళ్ళు మమ్మల్ని కత్తెర, సూది అంటారు. పనిని బట్టి పెట్టిన పేర్లే గానీ, నోటిని బట్టి పెడితే రెండు పేర్లూ నాకే చెందుతాయని చెల్లి ఆటపట్టిస్తుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కాదనను. కానీ దాని మాట మీద నాకున్న నమ్మకం వేరు. వచ్చినవాళ్ళ కొలతలు అది తీసి నోటితో చెబుతుంది, నేను కోసేస్తాను. అది చెప్పిన కొలతని మళ్ళీ టేపు పెట్టి చూడడం అనేది మా మధ్య లేదు.

ఒకరోజు కోటు గుడ్డ మీద సుద్దతో గీస్తుంటే గీత నా మాట వినలేదు. వంకరగా ఎటో పోయింది. తర్వాత ఒక కంటికి మసక కమ్మింది. ఆ తర్వాత కాళ్ళ వంతు. కుడికాలు బరువెక్కి, వేళ్ళు నేలని రాసుకుంటూ రావడం మొదలుపెట్టాయి. ఓ పొద్దున మంచం దిగబోయి కూలబడ్డాను. ఆస్పత్రిలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడు. మెదడులోనూ వెన్నులోనూ ఉండే నరాల మీద ఒక పొర ఉంటుందట, కరెంటు తీగ మీద రబ్బరు తొడుగులా. నాకది అక్కడక్కడా ఊడిపోతోందట. కరెంటు సంగతి నాకు తెలీదు గానీ లైనింగ్ చిరిగిన కోటు సంగతి తెలుసు. పైకి బాగానే ఉంటుంది. ఎక్కడ గుచ్చుకుంటోందో తొడుక్కున్నవాళ్ళకే తెలుస్తుంది.

"మందులు జబ్బు ముదరకుండా చూస్తాయమ్మా. చేజారిన పనులు మళ్ళీ చేతికి రావాలంటే మాత్రం థెరపీ చెయ్యాలి. ఓపిక కావాలి," అన్నాడాయన.

ఓపిక నాకు పుట్టుకతోనే లేదు. చెల్లికి ఉంది కదా, ఇద్దరికీ సరిపోతుందిలే అనుకున్నాను. రోజు విడిచి రోజు, ఎండ ముదరకముందే, అదే నన్ను థెరపీ హాలుకి తీసుకెళ్ళేది. ఈ జబ్బుకి వేడి పడదు. ఒళ్ళు వేడెక్కితే చూపూ కాళ్ళూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి మొండికేస్తాయి. అందుకని ఐసు సంచులు పెట్టిన చేతుల్లేని కోటు ఒకటి తొడిగేవారు. దాని కుట్టు ఎంత దరిద్రంగా ఉండేదంటే, ఐసు నా ఒళ్ళు చల్లబరిచేలోపే ఆ కుట్టు చూసి ఒళ్ళు మండిపోయేది.

థెరపీ చేయించేది సన్నగా, గట్టిగా ఉండే ఒకావిడ. ఆవిడ నోట ఎక్కువగా వచ్చే మాట 'ఆగండి'. అలసిపోయాక ఆగకూడదట, అలసిపోకముందే ఆగాలట. అలసిపోయినా ఆగని జాతి మాది. కత్తెర చేతిలో ఉంటే ఆకలి కూడా గుర్తుండదు. అలాంటిదాన్ని పట్టుకుని, రెండు కమ్మీల మధ్య కాస్త నడవగానే ఆగండి, మెట్టు ఎక్కగానే ఆగండి. ఆవిడకి ఆగండి మేడమ్ అని పేరు పెట్టాను. చెల్లి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మొదటిరోజే ఆవిడ నన్నొక మాట అడిగింది. "మీరు మళ్ళీ ఏం చెయ్యగలగాలి? నడవాలి, తిరగాలి అని అందరూ చెబుతారు. మీకంటూ కావాల్సిన పని చెప్పండి."

"నా టేబుల్ ముందు నిలబడి ఒక కోటు కొయ్యాలి," అన్నాను.

"అయితే మనం చేసే ప్రతిదీ ఆ కోటు కోసమే," అంది.

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. పాదం ఈడ్వకుండా మడమ దగ్గర పట్టీ కట్టినా, వణుకు తగ్గడానికి మణికట్టుకి బరువు తగిలించినా, గిన్నెలో కలిపిన బొత్తాలు వేరు చెయ్యమన్నా, అంతా కోటుకే అనుకుని చేశాను. కళ్ళు మూసుకోమని, నా కాలి బొటనవేలు పైకో కిందికో వంచి, ఎటు వంచానో చెప్పమనేది. పైకి అనేదాన్ని. కళ్ళు తెరిస్తే కిందికి ఉండేది.

"మీ కాలు ఒక్కోసారి మీకు తప్పుడు కబురు చెబుతుంది. అది చెప్పింది నమ్మకండి, చూసి నమ్మండి," అని నేర్పింది.

సొంత కాలుని నమ్మకపోవడం ఎలాగో నేర్చుకోవడం అంత తేలిక కాదు. అయినా నేర్చుకున్నాను.

నిలబడడం కాస్త కుదిరాక, ఆగండి మేడమ్ పక్క గదిలోంచి ఎత్తు పెంచి దించగలిగే టేబుల్ ఒకటి తెప్పించింది. "మీ షాపు టేబుల్ ఎత్తు ఎంత? దీన్ని అంతే పెడదాం," అంది. నేను తెల్లమొహం వేశాను. ఊరందరి కొలతలతో బతికినదాన్ని, నా టేబుల్ కొలత మాత్రం నాకు తెలీదు. తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, నా నడుముకి తెలుసు కాబట్టి. చెల్లి మర్నాడు షాపుకెళ్ళి, అంచు దగ్గర్నుంచి నేల దాకా ఎర్ర రిబ్బను వేలాడదీసి, కత్తిరించి తెచ్చింది. మేడమ్ ఆ రిబ్బను పట్టుకుని టేబుల్‌ని అంత ఎత్తుకి తిప్పింది.

వెళ్ళి నిలబడ్డాను. అంచు తొడకి తగిలింది.

"తక్కువగా ఉందే," అన్నాను.

"నేనే కొలిచానక్కా. నీకలా అనిపిస్తోందంతే," అంది చెల్లి.

మేడమ్ కూడా తలూపింది. "ఈ జబ్బులో అలా అనిపించడం మామూలేనండి. అలవాటవుతుంది."

కొలిచింది చెల్లి. చెప్పింది చెల్లి. తప్పుడు కబుర్లు చెప్పే కాలు నాది. ఇంకేం మాట్లాడతాను?

కత్తెర ఇంటి నుంచే తెచ్చుకున్నాను. పాత దుప్పటి పరిచి, సుద్దగీత మీద కొయ్యబోయి తల వంచాను. మెడ దగ్గర మొదలై వెన్ను పొడవునా జివ్వుమని కరెంటు పాకింది. కత్తెర జారి నేల మీద పడింది. మెడ ముందుకి వంచితే ఈ జబ్బులో అలా అవుతుందని, ప్రాణానికేం కాదని మేడమ్ చెప్పింది. ప్రాణానికి కాదు, సరే. మరి గీతకి? మళ్ళీ కోశాను, మళ్ళీ కొట్టింది. టేబుల్ కిందకుంటే గీత కనబడాలంటే వంగాలి, వంగితే కరెంటు. వచ్చిన ప్రతిసారీ ఇదే వరస. కొన్నాళ్ళకి కత్తెర చేతిలోకి తీసుకోవాలంటేనే వెన్ను ముందుగా బిగుసుకుపోయేది.

ఒకరోజు మేడమ్ అంది, "మీ షాపు టేబుల్ ఎత్తు పెంచేసుకుంటే ఏమవుతుంది? మెడ వంచే పని ఉండదు కదా."

నాకు రోషం వచ్చింది. "వద్దండీ. అది నా ఎత్తుకి చేసిన టేబుల్. దాని మీద నేను కొయ్యని గుడ్డ లేదు. దానిలో లోపం లేదు. బాగుచెయ్యాల్సింది నన్ను," అన్నాను.

చెల్లి నా పక్కనే కూర్చుని ఉంది. ఐసు కోటు బొత్తాలు పెడుతూ తల ఎత్తలేదు.

తక్కువగా ఉందని ఆ తర్వాత కూడా చాలాసార్లు అన్నాను. విసుగ్గా అన్నాను, బతిమాలినట్టు అన్నాను, ఒకసారి ఏడుస్తూ కూడా అన్నాను. చెల్లి ప్రతిసారీ నా జుట్టు సర్ది, మంచినీళ్ళు ఇచ్చి, అదే మాట అంది. చివరికి నేనే ఆ మాట అనుకోవడం మొదలుపెట్టాను. కూర చప్పగా ఉంటే నాకలా అనిపిస్తోందేమో అనుకున్నాను. ఎవరైనా నా వెనక మాట్లాడుకుంటున్నారంటే నాకలా అనిపిస్తోందేమో అనుకున్నాను. షాపుకి ఒకసారి వెళ్ళొస్తానంటే చెల్లి ఒప్పుకునేది కాదు. "అక్కడ ఇస్త్రీ వేడి, అక్కా. నీకు పడదు," అనేది. ఎంత కడుపులో పెట్టుకుని చూస్తోందో అని కళ్ళు చెమర్చేవి.

ఓ పొద్దున కత్తెర మళ్ళీ జారిపోయాక, ఆగండి మేడమ్ నా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. "నిలబడి కొయ్యడం కొన్నాళ్ళు పక్కన పెడదామండి. కూర్చుని చేసే పని చూద్దాం. కాజాలు కుట్టడం, బొత్తాలు వెయ్యడం లాంటివి," అంది మెల్లగా.

కటింగ్ మాస్టర్‌ని కాజాలు కుట్టుకోమనడమంటే, వంటమనిషిని పిలిచి గిన్నెలు తోమమన్నట్టే. కానీ అరవడానికి కూడా ఓపిక లేదు. చెల్లి చెయ్యి నా భుజం మీద ఉంది. అప్పటిదాకా బిగుసుకుని ఉన్న ఆ చెయ్యి ఒక్కసారిగా వదులైంది. పాపం, ఏడుపు ఆపుకుంటోంది అనుకున్నాను.

రెండు రోజులు మంచం మీదే ఉన్నాను. మూడోనాడు పొద్దున్నే లేచి, మడమకి పట్టీ కట్టుకుని, కత్తెరని గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాను. ఇక అది నా దగ్గరుండి ఏం లాభం? షాపులో వాడుకునేవాళ్ళకి ఇచ్చేసి, నా టేబుల్‌ని ఒకసారి తడిమి వద్దామనుకున్నాను. చెల్లికి చెప్పలేదు. టాక్సీ పిలిపించుకుని, చేతికర్రతో దిగాను.

నేను మంచాన పడ్డాక చెల్లి పెట్టుకున్న కొత్త మాస్టర్ అప్పటికే షాపు తెరిచి ఉన్నాడు. అతన్ని చూడడం అదే మొదటిసారి. మంచి మనిషిలాగే ఉన్నాడు, బాగా పొట్టి. నన్ను గుర్తుపట్టి, చేతిలో సుద్ద కింద పెట్టి, కుర్చీ లాగాడు. కూర్చోలేదు. నా టేబుల్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

అంచు తొడకి తగిలింది.

నాకలా అనిపిస్తోందంతే, అనుకున్నాను. నిజంగానే ముందు అదే అనుకున్నాను. అలవాటు కొద్దీ ఎడమ పాదం ఎత్తి అడ్డకర్ర కోసం వెతికాను. పాదానికి కర్ర దొరకలేదు. కాలు చెప్పింది నమ్మకండి, చూసి నమ్మండి అని ఆగండి మేడమ్ నేర్పింది కదా. చేతికర్ర మీద బరువేసి వంగి చూశాను. వెన్నులో జివ్వుమంది. అయినా చూశాను. నా అడ్డకర్ర దాదాపు నేలని ఆనుకుని ఉంది. దాని మీద నున్నటి గుంట అలాగే ఉంది. దాని కింద టేబుల్ కాళ్ళ చివర్లు పచ్చిగా, రంగు లేకుండా ఉన్నాయి.

"ఎత్తు నాకు అందలేదండి," అన్నాడు కొత్త మాస్టర్, నేనెందుకు వంగానో తెలియక. "అందుకని మీ చెల్లెలుగారు కాళ్ళు కోయించారు. నేను పనిలో చేరిన రోజే. మీరప్పుడు ఆస్పత్రిలో ఉన్నారు."

నా కాళ్ళు పడిపోయిన వారమే నా టేబుల్ కాళ్ళు కూడా తీసేశారన్నమాట. సంచిలోంచి రిబ్బను తీశాను. థెరపీకి తెచ్చిన ఆ రిబ్బను కత్తెరతో పాటే చుట్టి ఉంది. అంచు దగ్గర పట్టి వదిలితే సరిగ్గా నేలని తాకింది. వెంట్రుకవాసి తేడా లేదు. చెల్లి కొలత ఎప్పుడూ తప్పదు.

అప్పుడే చెల్లి వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. కొత్త మాస్టర్ టీ తాగొస్తానండీ అంటూ బయటికి జారుకున్నాడు.

"నువ్వెందుకొచ్చావక్కా? ఇక్కడ వేడి..."

"వేడి సంగతి తర్వాత. దీని కాళ్ళు మీ ఆయనే కోశాడా?"

గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "ముందు కొయ్యనన్నాడు. నేనే పట్టుబట్టాను. యూనిఫాంల ఆర్డరు మధ్యలో ఆగిపోయింది. పీట వేసుకోమంటే ఈ మాస్టర్ పడిపోతానన్నాడు. ఇంకేం చెయ్యమంటావ్?"

"కోయిస్తే కోయించావ్. పని ఆగకూడదు, నాకు తెలీదా? తక్కువగా ఉందని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను కదా. అనిపిస్తోందంతే అని ఎందుకన్నావ్?"

"మొదటిసారి ఏదో నోటికొచ్చేసింది. చెబితే నువ్వు థెరపీ మానేస్తావని భయమేసింది. తర్వాత మేడమ్ కూడా అదే మాట అనేసరికి..." చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "ఇక చెప్పడానికి మొహం చెల్లలేదక్కా."

"టేబుల్ ఎత్తు పెంచుకోమని ఆవిడ అంది. లోపం టేబుల్‌లో లేదు, నాలోనే ఉందని నేనన్నాను. నువ్వు పక్కనే ఉన్నావ్."

వేలికి చుట్టిన కొంగు విప్పి మళ్ళీ చుట్టింది.

"కాజాలు కుట్టుకోమన్న రోజున నా భుజం మీద చెయ్యేసి ఉన్నావ్. ఆ రోజు నీకేమనిపించిందో చెప్పు. నాకు అనిపించినవన్నీ నువ్వు చెప్పావ్ కదా, నీకు అనిపించింది ఒక్కటి చెప్పు."

టేబుల్ అంచు వంక చూస్తూ చెప్పింది. "హమ్మయ్య అనిపించింది."

వెన్నుపోటు అనే మాట ఎన్నోసార్లు విన్నాను. నా విషయంలో అది అచ్చంగా వెన్నులోనే జరిగింది. వంగిన ప్రతిసారీ, కత్తెర జారిన ప్రతిసారీ. అన్నిసార్లూ ఆ కత్తెరని నేల మీంచి తీసి నా చేతిలో పెట్టింది కూడా చెల్లే. జబ్బు నా కాళ్ళు తీసుకుంది, సగం చూపు తీసుకుంది, దాని మీద నాకు కోపం లేదు, దానికి నేనెవరో తెలీదు. చెల్లికి నేనెవరో తెలుసు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా అసహ్యం వేసింది. కత్తెర మళ్ళీ గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుని వచ్చేశాను. ఎవరికీ ఇవ్వలేదు.

మర్నాడు హాలుకి ఒక్కదాన్నే వెళ్ళాను. సంగతంతా విని ఆగండి మేడమ్ మొహం పాలిపోయింది. "మీరు అన్ని సార్లు అన్నారు. నేను ఒక్కసారైనా మీ షాపుకి వచ్చి చూడాల్సింది," అంది. తర్వాత టేబుల్ పిడి పట్టుకుంది. "నేను పెంచుతూ ఉంటాను. ఎక్కడ ఆగాలో మీరు చెప్పండి."

నాకేం తెలుసని చెప్పను? కళ్ళు మూసుకున్నాను. అంచు తొడని దాటి మెల్లగా పైకి వచ్చింది. నా గొంతు నాకే వినపడనంత చిన్నగా, "ఆగండి," అన్నాను.

దుప్పటి పరిచి కోశాను. మెడ వంచే అవసరం రాలేదు. చెయ్యి వణికింది, గీత అక్కడక్కడా పక్కకి పోయింది, కాలు బరువెక్కింది. కానీ కరెంటు రాలేదు. కోటు ముందుభాగం ఒకటి ముక్కగా విడివడి నా చేతిలోకి వచ్చింది. మేడమ్ ఆగమన్నా ఆ రోజు ఆగలేదు. మరుసటి రోజంతా మంచం మీదే పడి ఉన్నాను, హాయిగా.

తర్వాత కొద్దిరోజులకి మా మరిది వచ్చి తలుపు బయటే నిలబడి, షాపుకి ఒకసారి రమ్మని చెప్పి వెళ్ళాడు. నా మొహంలోకి చూడలేకపోయాడు. వెళ్ళాను. బతుకుతెరువు అదే, కత్తెర అదే, ఇంకెక్కడికి వెళ్ళను? నా టేబుల్ కాళ్ళ కింద కొత్త చెక్కముక్కలు అతికించి, మేకులు కొట్టి, రంగు వేశాడు. కొత్త మాస్టర్‌కి కిటికీ పక్కన వేరే టేబుల్ వేశారు. చెల్లి మిషన్ దగ్గర్నుంచి లేచి నిలబడింది.

"వచ్చి చూడక్కా. సరిపోయిందా?"

వెళ్ళి నిలబడ్డాను. అంచు తుంటి ఎముకకి తగిలింది. ఎడమ పాదం తనంతట తానే వెళ్ళి కర్ర మీది గుంటలో కుదురుకుంది. సరిపోయింది. తాకగానే తెలిసింది. సరిపోయిందే, అందామని నోటిదాకా వచ్చింది.

"టేపు ఇవ్వు," అన్నాను.

చెల్లి మెడలోంచి టేపు తీసి ఇచ్చింది. అంచు దగ్గర పెట్టి నేల దాకా వదిలి, అంకె చూసుకున్నాను. మళ్ళీ రెండోవైపు కూడా చూశాను. అప్పుడు గుడ్డ పరిచాను.

ఇప్పుడు రోజూ పనిచేస్తున్నాను, అలసిపోకముందే ఆగుతున్నాను. కోట్లు బాగానే వస్తున్నాయి. చెల్లి ఎప్పటిలాగే వచ్చినవాళ్ళ కొలతలు తీసి నోటితో చెబుతుంది. నేను లేచి, చేతికర్ర పట్టుకుని వెళ్ళి, వాళ్ళ భుజాల మీద మళ్ళీ టేపు పెడతాను. అది మిషన్ ఆపి చూస్తూ ఉంటుంది.